చంపిందెవరని ఒక పాట, పోయాడని ఒక పాట

1963 మార్చి 21 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో మూడు ప్రపంచ టైటిళ్ల పోటీలు ఒకే రింగులో జరిగాయి. అందులో ఒకటి ఫెదర్‌వెయిట్ చాంపియన్ డేవీ మూర్‌ది. ఎదురుగా నిలిచినవాడు క్యూబాలో పుట్టి మెక్సికోలో స్థిరపడ్డ షుగర్ రామోస్. పదో రౌండ్లో మూర్ వెనక్కి పడ్డాడు. పడేటప్పుడు మెడ వెనక భాగం రింగు అడుగు తాడుకు బలంగా తగిలింది. అయినా లేచాడు, ఆ రౌండంతా నిలబడ్డాడు. ఆ తర్వాత మేనేజర్ ఇక చాలన్నాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో విలేకరులు చుట్టుముడితే మూర్ నిదానంగానే జవాబులిచ్చాడు. ఈ రాత్రి తనకు కలిసిరాలేదని, మళ్లీ తలపడతానని చెప్పాడు. వాళ్లు వెళ్లిపోయాక తలనొప్పి అన్నాడు, స్పృహ తప్పాడు. మార్చి 25న చనిపోయాడు. అప్పటికి అతనికి 29 ఏళ్లు.

మూడు వారాలు తిరక్కముందే, ఏప్రిల్ 12న, న్యూయార్క్ టౌన్ హాల్‌లో 21 ఏళ్ల బాబ్ డిలన్ గిటార్ పట్టుకుని ‘హూ కిల్డ్ డేవీ మూర్’ పాడాడు. డేవీ మూర్‌ను చంపిందెవరు అన్నదే ఆ పాట పేరు, పల్లవి, ప్రశ్న.

నలభై ఏళ్ల తర్వాత, 2003లో, సన్ కిల్ మూన్ అనే బృందం పేరుతో మార్క్ కోజెలెక్ ‘గోస్ట్స్ ఆఫ్ ది గ్రేట్ హైవే’ అనే ఆల్బమ్ తెచ్చాడు. బృందం పేరే ఒక కొరియన్ బాక్సర్ పేరును కాస్త మార్చి పెట్టుకున్నది. ఆ ఆల్బమ్‌లో మూడు పాటలకు చిన్న వయసులో పోయిన బాక్సర్ల పేర్లున్నాయి: ‘సాల్వడార్ సాంచెజ్’, ‘పాంచో విల్లా’, ‘డక్ కూ కిమ్’. చివరిది పద్నాలుగు నిమిషాలు దాటుతుంది.

ఒకడు నిలదీస్తాడు, ఒకడు తలుచుకుంటాడు. స్మృతి గీతం చేయాల్సిన పని వీటిలో ఏది చేసింది? రెండూ గొప్ప పాటలే, దేని గొప్ప దానిది అనేసి ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఒక పాట మీద పెద్ద పేచీ ఉంది. దాన్ని దాచుకోదలచుకోలేదు.

ముందు డిలన్ పాట కట్టుబడి చూద్దాం. ఒక్కో చరణంలో ఒక్కొక్కరు వచ్చి తమ వాంగ్మూలం ఇచ్చి వెళ్తారు. రిఫరీ వస్తాడు: మధ్యలో ఆపితే జనం ఊరుకునేవారా అంటాడు. జనం వస్తారు: మేం ఆట చూడ్డానికి వచ్చాం, చావు చూడ్డానికి కాదంటారు. మేనేజర్ వస్తాడు: ఒంట్లో బాగాలేకపోతే అతనే చెప్పాల్సిందంటాడు. ఆ తర్వాత పందెం కాసినవాడు, బాక్సింగ్ గురించి రాసే పత్రికవాడు, ఆఖరున దెబ్బ కొట్టినవాడు. ప్రతివాడిదీ ఒకటే మాట: నేను కాదు. ప్రతి చరణం తర్వాత మళ్లీ అదే ప్రశ్న, అదే బాణీ.

దీని మూలం ఇంగ్లీషు పిల్లల పాట. రాబిన్ పిట్టను చంపిందెవరని అడిగితే పిచ్చుక ముందుకొచ్చి నేనే, నా బాణంతో అని ఒప్పేసుకుంటుంది. డిలన్ ఆ ఒప్పుకోలును తీసేశాడు. పాట బలమంతా ఆ తీసివేతలోనే ఉంది. మన ఏడు చేపల కథతో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడా ఒక ప్రశ్న ఒకరి నుంచి ఒకరికి పోతుంది. చేప గడ్డిమేటును చూపిస్తుంది, గడ్డిమేటు ఆవును, ఆవు పాలేరును. తప్పు చేతులు మారుతూ చీమ దగ్గరికి వెళ్లి ఆగుతుంది, చీమ తన కారణం తను చెప్పేస్తుంది. వినే పిల్లాడికి తృప్తి. డిలన్ పాటలో ఎవరూ పక్కవాణ్ణి వేలెత్తి చూపించరు. ఎవరికి వాళ్లు తప్పుకుంటారంతే. అందుకే ప్రశ్న ఎక్కడికీ చేరదు, బయల్దేరిన చోటికే వస్తుంది. ఆరుగురూ చెప్పింది విడివిడిగా వింటే ప్రతిదీ సబబుగానే ఉంటుంది. ఆరూ కలిపి వింటేనే ఒక మనిషి ప్రాణం పోయినట్టు తెలుస్తుంది. ఇంత చిన్న పాటలో ఒక వ్యవస్థ ఎలా నడుస్తుందో ఇంత తేటగా చూపించిన ఉదాహరణలు నాకు పెద్దగా తెలియవు.

ఆఖరి చరణం దగ్గర ఇంకాస్త ఆగాలి. కొట్టినవాడు క్యూబా నుంచి వచ్చాడని, అక్కడ ఇప్పుడు బాక్సింగ్ లేదని పాట చెబుతుంది. అప్పటికి అది నిజం. విప్లవం తర్వాత క్యూబా ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను నిషేధించింది. రామోస్‌తో పాటు ఎందరో ఆటగాళ్లు పొట్ట చేతబట్టుకుని బయటికొచ్చింది అందుకే. కొట్టినవాడు తన వంతు వచ్చినప్పుడు దీన్ని హత్య అనొద్దంటాడు, ఇది విధి అంటాడు, దేవుడి నిర్ణయం అంటాడు. విధి అనే మాట ఆ పాటలో ఒక సాకు. తప్పించుకోవడానికి వాడే సాకుల్లో చిట్టచివరిది, అన్నిటికన్నా గౌరవంగా వినిపించేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కోజెలెక్ దగ్గర మనకు పనికొస్తుంది.

డిలన్ పాటలో లోటు లేదా? ఉంది, చిన్నది కాదు. ఆ పాటంతా విన్నాక డేవీ మూర్ గురించి మనకేం తెలుస్తుంది? చచ్చిపోయాడని తెలుస్తుంది, మేనేజర్ మాటల్లో భార్యాపిల్లలున్నారని తెలుస్తుంది, అంతే. ఒహాయో రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో పెరిగాడని, 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్లాడని, 1959లో హోగన్ బాసీని ఓడించి ప్రపంచ చాంపియన్ అయి నాలుగేళ్లు ఆ బెల్టు నిలబెట్టుకున్నాడని పాటలో ఎక్కడా లేదు. అందరూ మాట్లాడతారు, మూర్ ఒక్కడే మాట్లాడడు. చచ్చినవాడు ఎలా మాట్లాడతాడు అనొచ్చు. కానీ అతను మాట్లాడాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో, స్పృహ తప్పడానికి కొద్దిసేపటి ముందు, ఓడిపోయిన మనిషికి ఉండాల్సినంత హుందాగా మాట్లాడాడు. తర్వాత ఒక కచేరీలో ఈ పాట పాడబోతూ డిలన్ ఇదంతా పేపర్లలోంచి తీసుకున్నదేనని, ఇది బాక్సింగ్ గురించి కూడా కాదని అన్నాడు. పేపర్లలోంచి రిఫరీని తీసుకున్నాడు, మేనేజర్‌ను తీసుకున్నాడు, మూర్‌ను మాత్రం వదిలేశాడు. కేసు ఫైలులో హతుడి పేరు ఎలా ఉంటుందో ఆ పాటలో మూర్ అలా ఉన్నాడు.

ఆ లోటు ఎలా తీర్చవచ్చో చూడాలంటే దూరం పోనక్కరలేదు. అదే 1963లో, అదే న్యూయార్క్‌లో, ఫిల్ ఓక్స్ ‘డేవీ మూర్’ అనే పాట కట్టాడు. అది మొదలవ్వడమే స్ప్రింగ్‌ఫీల్డ్ ఇంటి దగ్గర మొదలవుతుంది. ఇంట్లో భార్యను, ఐదుగురు పిల్లలను వదిలి కాలిఫోర్నియాకు బయల్దేరిన మనిషిని ముందు చూపిస్తుంది. వసంతం వస్తోంది, బతికుండటం బాగుంది అన్న ఊపులో ఉన్న మనిషిని. డిలన్ ఆరు చరణాల్లో ఇవ్వని మనిషిని ఓక్స్ మొదటి చరణంలోనే ఇచ్చాడు.

అయితే ఓక్స్ పల్లవి దగ్గరికి వచ్చేసరికి కాలు జారాడు. కవి పాడక మానడు, ఆటగాడు కొట్టక మానడు, జనం పోగవక మానరు అన్న అర్థం వచ్చేలా పల్లవి కట్టాడు. గ్లౌజులు గోడకు తగిలించమంటాడు, కన్నీళ్లు ఆరేలోపే ఇంకొకడు పడతాడంటాడు. కోపం ఉంది, నిజమే. కానీ ‘మానడు’ అన్న చోట బాధ్యత అంతా ఆవిరైపోతుంది. ఆగని దాన్ని ఎవరు మాత్రం ఏం చేస్తారు? డిలన్ సాకుగా చూపించిన విధిని ఓక్స్ తెలియకుండానే తన సొంత మాట చేసుకున్నాడు.

కోజెలెక్ దగ్గర అది పూర్తి కొలతలో కనిపిస్తుంది.

ఆయన పాటలు వినడానికి ఎంత బాగుంటాయో ముందు చెప్పాలి. ‘సాల్వడార్ సాంచెజ్’, ‘పాంచో విల్లా’ నిజానికి ఒకే పాట. ఒకటి కరెంటు గిటార్ల హోరులో, ఇంకోటి మెత్తగా, చెక్క గిటార్ మీద. పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి: మెక్సికో నుంచి సాంచెజ్, ఫిలిప్పీన్స్ నుంచి విల్లా, క్యూబా నుంచి బెన్నీ పారెట్. ఆ పేర్లను ఆయన పలికే తీరులో గౌరవం ఉంటుంది. బాక్సింగ్ తెలియని శ్రోత కూడా ఆ పేర్లు వెతుక్కుంటాడు. ఒక స్మృతి గీతం ఇంతకన్నా ఏం చేయాలి అనిపిస్తుంది.

పేర్లు వెతుక్కున్న శ్రోతకు ఏం దొరుకుతుందో చూడండి. సాల్వడార్ సాంచెజ్ 1982 ఆగస్టు 12న, 23 ఏళ్ల వయసులో, మెక్సికోలో కారు ప్రమాదంలో పోయాడు. అంతకు మూడు వారాల ముందే పదిహేనో రౌండ్లో అజుమా నెల్సన్‌ను ఓడించి బెల్టు నిలబెట్టుకున్నాడు. పాంచో విల్లా, అసలు పేరు ఫ్రాన్సిస్కో గిలెడో, 1925 జులై 14న శాన్ ఫ్రాన్సిస్కోలో పోయాడు. పంటి నుంచి గొంతుకు పాకిన ఇన్‌ఫెక్షన్ అతన్ని తీసుకుపోయింది. పన్ను సలుపుతుండగానే పది రోజుల ముందు రింగు ఎక్కాడు. ఇంకో పద్దెనిమిది రోజులుంటే 24 నిండేవి. ఇక బెన్నీ పారెట్ చావు వేరు. 1962 మార్చి 24న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, టీవీలో దేశమంతా చూస్తుండగా, ఎమిల్ గ్రిఫిత్ చేతిలో పన్నెండో రౌండ్లో దెబ్బలు తిన్నాడు. మూలకు చిక్కి, తాళ్ల మధ్య ఇరుక్కుని, చేతులు ఎత్తలేని స్థితిలో ఉంటే దెబ్బ మీద దెబ్బ పడింది. రిఫరీ రూబీ గోల్డ్‌స్టీన్ మధ్యలోకి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఏప్రిల్ 3న పారెట్ పోయాడు. 25 ఏళ్లు.

మూడు చావులకు మూడు వేరే కారణాలు. ఒకటి రోడ్డు మీద, ఒకటి పంటి చీము వల్ల, ఒకటి లైసెన్సు ఉన్న రిఫరీ కళ్ల ముందు. పాటలో మూడూ ఒకే మంచులో కరిగిపోతాయి. వచ్చారు, మెరిశారు, మాయమయ్యారు. పారెట్ దగ్గరికి వచ్చేసరికి తనకన్నా మెరుగైనవాడు అతన్ని ఆపాడన్నట్టు చెబుతుంది పాట. నా పేచీ ఇక్కడే. పారెట్‌ను ఆపింది మెరుగైనవాడు మాత్రమేనా? అంతకు మూడున్నర నెలల ముందు, 1961 డిసెంబర్‌లో, తనకన్నా బరువు తరగతిలో పెద్దవాడైన జీన్ ఫుల్మర్ చేతిలో పారెట్ చావుదెబ్బలు తిన్నాడు. ఆ తల మళ్లీ కుదుటపడిందో లేదో చూసుకోకుండా గ్రిఫిత్ ముందు నిలబెట్టారు. పోటీ ముందు బరువు తూచే చోట పారెట్ గ్రిఫిత్‌ను స్వలింగ సంపర్కుడంటూ స్పానిష్‌లో హేళన చేశాడు. ఆ హేళన గ్రిఫిత్‌ను రగిలించింది. ఇన్ని చేతులు, ఇన్ని నోళ్లు ఉన్న చావును ఒక్క ‘మెరుగైనవాడి’ ఖాతాలో వేస్తే పారెట్‌కు అన్యాయం, జీవితమంతా ఆ రాత్రిని మోసిన గ్రిఫిత్‌కు ఇంకా అన్యాయం.

‘డక్ కూ కిమ్’ పాట మొదట్లో పాడేవాడు రాత్రిపూట ఒక పాత పోటీ చూస్తుంటాడు. 1982 నవంబర్ 13న లాస్ వెగాస్ సీజర్స్ ప్యాలెస్ ఆరుబయట రింగులో రే మాన్సినీతో కిమ్ డక్ కూ ఆడిన పోటీ అది. కొరియా కుర్రాడు గట్టిగానే నిలబడ్డాడు, చివరికి ఒక్కడే పడిపోయాడు. అక్కడి నుంచి పాట పక్కకు తిరుగుతుంది. ఏ రోజు ఎవరిని గాల్లోంచి తన్నుకుపోతుందో ఎవరికీ తెలియదన్న ఆలోచనలోకి, ఆ తర్వాత దూరమైన ప్రియురాలి మీద బెంగలోకి. సంగీతం కూడా రూపాలు మార్చుకుంటూ, అలిసిపోతూ, మళ్లీ లేస్తూ సాగుతుంది. ఆ పద్నాలుగు నిమిషాల్లో కాలం బరువు ఒంటికి తెలుస్తుంది. డిలన్ పాటలో లేనిది ఇదే. డిలన్ ప్రశ్న అడిగి గబగబా ముందుకెళ్తాడు. కోజెలెక్ శవం పక్కన కూర్చుంటాడు.

కానీ కిమ్‌ను ఏ రోజూ గాల్లోంచి తన్నుకుపోలేదు. కిమ్ గాంగ్వాన్ ప్రాంతంలో పేదింట్లో పుట్టాడు. రెండేళ్లప్పుడు తండ్రి పోయాడు. బూట్లు పాలిష్ చేశాడు, చేతికి దొరికిన పని చేశాడు. 1978లో ప్రొఫెషనల్ అయ్యాడు, 1982లో ఓరియంట్ పసిఫిక్ లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. అమెరికాలో అతనెవరో పెద్దగా ఎవరికీ తెలియదు. పోటీ ముందు ఆ తరగతి బరువుకు దిగడానికి ఒళ్లు ఎండబెట్టుకున్నాడు. హోటల్ గదిలో దీపం తొడుగు మీద బతకడమో చావడమో అన్న అర్థం వచ్చే మాట తన భాషలో రాసుకున్నాడు. పదమూడు రౌండ్లు నిలిచాడు. పద్నాలుగో రౌండు మొదలైన కొన్ని సెకన్లకే కూలాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ చేశారు, కొద్ది రోజులకు చనిపోయాడు. కొన్ని నెలలకు అతని తల్లి ప్రాణం తీసుకుంది. 1983 జులైలో ఆ పోటీ రిఫరీ రిచర్డ్ గ్రీన్ కూడా ప్రాణం తీసుకున్నాడు. దానికి కారణం ఆ పోటీయేనని తేల్చి చెప్పడానికి లేదు. అయినా డిలన్ పాటలోని రిఫరీ తేలిగ్గా అనేసిన ‘నేను కాదు’ అన్న మాట, ఈ రిఫరీని తలుచుకుంటే అంత తేలిగ్గా వినబడదు.

పద్నాలుగో రౌండు ఎందుకు ఉంది? అప్పట్లో టైటిల్ పోటీలు పదిహేను రౌండ్లు కాబట్టి ఉంది. నియమాలు రాసినవాళ్లు ఉన్నారు, ప్రసార హక్కులు కొన్నవాళ్లు ఉన్నారు. కిమ్ చనిపోయాక వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోటీలను పన్నెండు రౌండ్లకు కుదించింది, మిగతా సంస్థలు ఆ దశాబ్దంలోనే అదే దారి పట్టాయి. అంటే అది మార్చగలిగిన నియమమే. మార్చగలిగిన దాని వల్ల పోయిన మనిషిని గురించి, ఏ రోజు ఎవరిని తీసుకుపోతుందో అని పాడితే పాట ఎంత తీయగా ఉన్నా నేను ఒప్పుకోలేను. డిలన్ పాటలో కొట్టినవాడు తన గొంతుతో చెప్పిన సాకు, కోజెలెక్ పాటలో కవి గొంతుతో సత్యంగా వినబడుతుంది. పైగా పాట ముగిసేసరికి కిమ్ లేడు, పాడేవాడి సొంత దుఃఖమే ఉంది. డిలన్ మూర్‌ను ఫైలులో పెట్టి మరిచాడు, కోజెలెక్ కిమ్‌ను అద్దం చేసుకున్నాడు.

రింగు పక్కన కూర్చుని చూసినవాడు ఎలా రాస్తాడో తెలుసుకోవడానికి అమెరికన్ రచయిత నార్మన్ మైలర్ ఉన్నాడు. పారెట్ పడిన రాత్రి ఆయన రింగు దగ్గరే ఉన్నాడు. 1963 ఫిబ్రవరి ఎస్క్వయిర్ పత్రికలో వచ్చిన ఆయన పెద్ద వ్యాసం నిజానికి ప్యాటర్సన్, లిస్టన్‌ల పోటీ మీద. కానీ మధ్యలో పారెట్ చావు మీద రాసిన కొద్ది భాగమే ఇప్పటికీ నిలిచింది. మైలర్ బాక్సింగ్‌ను ప్రేమించినవాడు, దాన్ని మానేయమని అనడు. అయినా చూస్తున్న జనంలో తనను తాను కలుపుకుని రాశాడు. ఆ చావు తమ అందరినీ తాకిందన్నాడు. డిలన్ పాటలో చేతులు దులుపుకుని వెళ్లిన జనం, మైలర్ వచనంలో కదలలేక అక్కడే నిలబడి ఉన్నారు. నిలదీయడం, దుఃఖించడం రెండూ ఒకే చేత్తో చేయవచ్చనడానికి ఇదొక ఆధారం.

తెలుగు పాఠకుడికి ఇంతకన్నా దగ్గరి ఆధారం ఉంది. చిన్న వయసులో పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితమిచ్చాడు, ఆ పుస్తకం ఆ స్మృతి గీతంతోనే తెరుచుకుంటుంది. అందులో మిత్రుడి మొహం కనిపిస్తుంది, అతన్ని పట్టించుకోని లోకం మీద కోపమూ వినిపిస్తుంది. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోలేదు. ఆ కవిత చదువుకుంటూ పెరిగిన చెవికి డిలన్ పాటలో మనిషి లేని లోటు తెలుస్తుంది, కోజెలెక్ పాటలో కోపం లేని లోటు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

రెండు లోటుల్లో ఏది పెద్దది? నా లెక్కలో రెండోదే. మనిషి వివరాలు తర్వాత ఎవరైనా పూడ్చవచ్చు. మూర్ విషయంలో అలాగే జరిగింది. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లు అతనికి కంచు విగ్రహం పెట్టారు. మూర్ భార్య ఆ సభలో ఉంది. ముసలివాడైన రామోస్ కూడా వచ్చాడు. యాభై ఏళ్ల తర్వాత ఆ ఊరు, డిలన్ పాట వదిలేసిన సగాన్ని పూర్తి చేసింది. కానీ చావుకు కారణాన్ని విధిలో కలిపేసిన పాటను ఏ విగ్రహం సరిదిద్దలేదు. ఆ పాట విన్నవాడికి ఎవరినీ ఏమీ అడగాలనిపించదు. ఎవరినీ అడగకపోతే పదిహేను రౌండ్లు పదిహేను రౌండ్లుగానే ఉండిపోయేవి.

అందుకని నేను డిలన్ పక్షమే. ‘డక్ కూ కిమ్’ను వినొద్దని అనను, తప్పకుండా వినండి, దాని అందం నిజమైనది. ‘హూ కిల్డ్ డేవీ మూర్’ వినేటప్పుడు మాత్రం ముందు ఫిల్ ఓక్స్ పాట మొదటి చరణం ఒక్కటి వినండి. ఇల్లు, భార్య, ఐదుగురు పిల్లలు ఉన్న మనిషెవరో తెలిశాక, అతన్ని చంపిందెవరని అడిగే ఆ పాట వినండి.